కొరొరా దారి

"మీరు పెంగ్విన్లను కాపాడటం లేదు. చంపుతున్నారు!"

సముద్రపు ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు ముసలాయన. చేతిలో అప్పుడే పీకిన నైయో చెట్ల మొక్కలు నాలుగు.

మెరిల్ పార విసిరికొట్టింది. శనివారం శనివారం వచ్చి మొక్కలు నాటే దళానికి ఆమే పెద్ద. ఇప్పటికి మూడు ఒడ్డులు నాటేశారు, ఇది నాలుగోది. పొద్దున్నుంచి వానలో నడుములు పడిపోయేలా నాటారు.

"ఏమయ్యా, ఎవరు నువ్వు? మొక్కలేం చేశాయి నిన్ను?"

"ఇది కొరొరాలు నీళ్ళలోంచి గూళ్ళకు నడిచొచ్చే దారి."

"గడ్డి కూడా మొలవని నేల. దారట!"

"రోజూ తొక్కే చోట గడ్డెలా మొలుస్తుంది తల్లీ?"

"పెంగ్విన్లు నీ చెవిలో చెప్పాయా తాతా?" అన్నాడు వెనకనుంచి బ్రెట్.

అందరూ పగలబడి నవ్వారు.

ఒడ్డున చెట్లు లేక, గూటికి చాటు లేక, కొరొరాలనే ఆ చిన్న నీలి పెంగ్విన్లు ఏటికేడు తరిగిపోతున్నాయి. జానెడు నేల కూడా వదలకూడదని మెరిల్ పట్టుదల. ఆ నేల ఎందుకు బోసిగా ఉందో అడిగి తెలుసుకునే ఓపిక ఎవరికుంది!

మరుసటి శనివారం చూస్తే మళ్ళీ పీకేసి ఉన్నాయి.

ఈసారి ఒడ్డు పొడుగునా వల కంచె బిగించారు. ముసలాయన మళ్ళీ కనబడలేదు.

"పీడ వదిలింది" అంది మెరిల్.

రెండు వారాలకు అటవీ ఉద్యోగిని ఫోన్ చేసింది. మెరిల్ వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కంచె బయట రెండు పెంగ్విన్లు, పొట్టనిండా చేపలతో, వలను ముక్కులతో పొడుస్తున్నాయి. లోపల గూట్లో పిల్లలు రెండూ ఆకలికి చచ్చి పడున్నాయి.

ఇద్దరూ కలిసి వల కోసేశారు.

మర్నాడు మెరిల్ ఆరా తీసి ముసలాయన ఇంటికి వెళ్ళింది. కూతురు ఐల్సా తలుపు తీసింది.

"నాన్న లేడు. సోమవారం పూడ్చిపెట్టాం."

"తప్పైపోయిందని చెబుదామని..."

"ఎవరికి చెబుతారిప్పుడు?"

ఐల్సా ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళింది. రేకుల షెడ్డు నిండా నైయో మొక్కలు. ఎవరు పెంచుతున్నారో అడగకుండానే మూడేళ్ళుగా వ్యాన్‌లోంచి దించుకుంటున్న మొక్కలే.

మెరిల్ వంగి ఒక మొక్క ఆకుల్ని తాకింది. "ఒక్క మాటైనా అనలేదే, ఇవి తనవని..."

"మీరు అడిగారా? గింజ నుంచి పెంచుకున్నవాటిని తన చేత్తోనే పీక్కుని, ఆ రాత్రి అన్నం ముట్టలేదు."

ఐల్సా ఒక మొక్క తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మిగతా మూడు ఒడ్డుల్లోనూ దారులు మూసేసి నాటారుగా. ఏడుపు తర్వాత, ముందు పోయి వాటిని పీకండి!"