గాడి కుదిరింది

"ఈ పొద్దే పైకి లేపల్లక్కా. మా ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తాండాడు" అన్నాడు ఎర్రప్ప. అతను ఖనిజం లారీలు తూచే కాటా దగ్గర ఆపరేటరు. అక్కడి పాత కంప్యూటరును నా షాపుకు మోసుకొచ్చాడు.

మూత తీస్తే లోపలంతా ఎర్ర దుమ్ము. పంక్చరు షాపులో గాలి కొట్టించారట! లారీల ఊరు కదా, అన్నిటికీ అదే వైద్యం. ఆ గాలికి దుమ్ము ఇంకా లోపలికి దిగి మెమరీ ముక్క, అదే ర్యామ్, కాలిపోయింది. లెక్కలుండే డిస్కు మాత్రం బాగానే ఉంది. బోర్డు నంబరున్న స్టిక్కరూ ఎగిరిపోయింది.

కొత్త మెమరీ పెట్టి చూశాను. గాడి కుదరలేదు.

"గట్టిగా నొక్కక్కా!"

"నొక్కితే బోర్డు పగుల్తాదప్పా. దీనికి పాత రకమే పట్టేది."

ఫోన్ మోగుతూనే ఉంది. అతను ఎత్తడం లేదు. చివరికి విసుగొచ్చి, నా సొంత కంప్యూటర్లోని పాత మెమరీ పీకి పెట్టాను. గాడి కుదిరింది. తెర వెలిగింది.

ఎర్రప్ప తూకాల లెక్కలు తెరిచి ఒక తేదీ కొట్టాడు. నా ప్రింటర్లోంచి స్లిప్పు వచ్చింది. లారీ నంబరు, టైము, డ్రైవరు పేరు.

"మా తమ్ముడక్కా. యాక్సిడెంట్లో పోయిన దినం డ్యూటీలోనే లేడంటాండాడు మా ఓనరు."

స్లిప్పు జేబులో పెట్టుకుని, అప్పుడు ఫోనెత్తాడు.

"సార్, మీరు కోరినట్టే అయ్యింది. ఇంక ఇది లేయదంట. రాపిచ్చుకోని వస్తాండా."

నేను నా మెమరీ పీకేసుకుని, షాపు ముద్ర కొట్టి రాసిచ్చాను: "ఈ బోర్డుకు సరిపోయే మెమరీ బళ్లారిలో ఎక్కడా దొరకదు."