ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు

"ఇంకాస్త బాధగా చెప్పమ్మా! వింటే కన్నవాళ్ల గుండె గుభేలుమనాలి," అన్నాడు అద్దం అవతలి నుంచి రికార్డింగ్ అతను.

ఎవరి గొంతైనా ఇట్టే అనుకరించేయడం ఆ అమ్మాయి సరదా. రెండుసార్లు పరీక్ష తప్పాక, ఇవాళే ఆ సరదాకి మొదటి పని దొరికింది. కాలేజీ ఎగ్గొట్టి మరీ వచ్చింది. బాధగా అనగానే తమ ప్రిన్సిపాల్ మేడమ్ గుర్తొచ్చి, అచ్చం ఆవిడ గొంతుతోనే చదివింది.

"మీ అమ్మాయి ఈ రోజు తరగతికి రాలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము."

"అదిరింది! రాని పిల్లల ఇళ్లకి ఫోన్లో వినిపించడానికి కాలేజీలకి ఇప్పుడే పంపించేస్తా."

ఏ కాలేజీలకో అడగాలని ఆ సంబరంలో తోచనే లేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. అమ్మ స్పీకర్ నొక్కగానే ఇల్లంతా అదే గొంతు.

"ఎక్కడ చచ్చావే ఇవాళ?" అంది అమ్మ.

"అమ్మా, ఆ మాట్లాడింది మేడమ్ కాదు, నేనే! నాకు పని దొరికింది."

అమ్మ నమ్మలేదు. అమ్మాయి గొంతు సవరించుకుని, పొల్లుపోకుండా అదే మాట అదే గొంతుతో చెప్పి చూపించింది.

అమ్మ మడతపెడుతున్న దుప్పటి చేతిలోంచి జారిపోయింది.

"అంతటావిడ స్వయంగా ఫోన్ చేస్తే, అప్పుడే ఆవిణ్ణీ వెక్కిరిస్తున్నావా? ఈ పాడు సరదానే కదే నీ కొంప ముంచింది!"