ఇరవై ఏడో పేజీ

“ఆ వ్యాను ఎక్కితే నువ్వు మల్ల ఇంటికి రావు బిడ్డా,” అన్నది త్రివేణి.

వ్యాను ఇంకా రాలేదు. మానస ఇంకా చెప్పులే తొడుక్కోలేదు.

“నీకు పాలు పొంగినా భయమే, ఫోను మోగినా భయమే అమ్మా. జర చాయ్ పొయ్యి.”

నాచారంలో పట్టాభిరామయ్య నడిపే అద్దె పుస్తకాల షాపు అది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి ముగ్గురు కూర్చుంటారు. ముసలి పట్టాభిరామయ్య, ఏదో ఆఫీసులో గుమాస్తా ఉమామహేశ్వర్, డిగ్రీలో అప్పుడే చేరిన మానస. యాభై ఏళ్ల నాటి నవలలు బయటికి తీస్తారు. గ్రహాల మీదికి పోయే ఓడలు, మాయాద్వీపాలు, తలలు మార్చే శాస్త్రవేత్తలు. ఒకరు పైకి చదువుతారు. మిగతా ఇద్దరూ జరగబోయేది ముందే చెప్పేసి తిట్లు తింటారు.

“ఈ ఆఖరి పేజీలు చింపిన వెధవకి ఏ జన్మలోనూ ఏ కథా పూర్తిగా దొరక్కూడదు,” అని పట్టాభిరామయ్య ప్రతి వారం శపిస్తాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వుతారు.

త్రివేణి నవ్వదు. ఆమె ఆ షాపు ఊడుస్తుంది, అరలు తుడుస్తుంది, ఆదివారం చాయ్ పోస్తుంది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. ఆ పుస్తకాలు తెరిస్తేనే ఆమెకు గుండె దడ.

“ఎడమచేత్తో పోసినా నీ చాయే చాయ్ త్రివేణక్కా,” అంటాడు ఉమామహేశ్వర్. దానికీ నవ్వదు.

మానస తండ్రి దయాకర్ ఒకప్పుడు ఈ షాపులోనే చదివేవాడు. అద్దె పుస్తకాలు చదివేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. చదివిందే మళ్లీ తీసుకుపోకుండా లోపల ఎక్కడో గుర్తు పెట్టుకుంటారు. ఒకరు పేజీ నంబరుకు సున్న చుడతారు. ఒకరు పొడి అక్షరం రాస్తారు. దయాకర్‌ది ఇరవై ఏడో పేజీ. మూలన పెన్సిల్‌తో చిన్న శనిగ్రహం, దానికి వాలుగా ఒక వలయం.

ఏడేళ్ల కింద అతను పనికని పోయి రాలేదు. త్రివేణి నాలుగు రోజులు ఊళ్లు తిరిగింది. ఐదో రోజు పొద్దున తడి జుట్టుతో ఇల్లు చేరి, “దొరకలేదు” అన్నది. బొట్టు మాత్రం తీయలేదు. ఎంత నమ్మకమో అని బస్తీ అంతా చెప్పుకున్నది.

పదేళ్ల మానస తిండి మానేసింది. నాయిన సగం చదివి పెట్టిన నవల ఒళ్లో పెట్టుకుని గడపలోనే కూర్చునేది. నెల తిరిగేసరికి పిల్ల పుల్లలా అయింది.

అప్పుడు, షాపుకు కొత్తగా వచ్చిన ఒక పాత నవలలో ఆ శనిగ్రహం కనబడింది. నాయిన ఎక్కడో ఉండి చదువుతున్నాడని ఆ రోజు మానస కడుపునిండా తిన్నది. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో కనబడుతూనే ఉంది.

“ఇదివరకు వలయం కుడిదిక్కు లేచేది. ఇప్పుడు ఎడమదిక్కు లేస్తుంది. మన దయాకరన్న అద్దంలోని లోకానికి పోయిండు, రాసిపెట్టుకోన్రి!” అన్నాడు ఉమామహేశ్వర్ ఒకసారి. దాని మీద మూడు ఆదివారాలు వాదించుకున్నారు.

మొన్న అన్నోజిగూడ చిత్తుకాగితాల కొట్టు నుంచి వచ్చిన మూటలో మళ్లీ ఆ గుర్తు కనబడింది. ఇక ఆగలేకపోయారు. దయాకర్ ఫొటో, మానస ఫోన్ నంబరు వేయించి, నారపల్లి నుంచి అన్నోజిగూడ దాకా హైవే పొడుగునా కాగితాలు అంటించారు.

నిన్న ఫోను వచ్చింది.

“మీ నాయిన నా కాడ ఉన్నడు. సమ్మెల బస్సులు బందున్నయి గద, రేపు నాలుగింటికి ఉప్పల్ రింగురోడ్డు కాడికి వ్యాను పంపిస్త. ఒక్కదానివే రా. ఎవలన్న ఎంట ఉంటే ఆయన పరేషానై ఉరుకుతడు.”

ఇప్పుడు మూడున్నర.

“ఒంటరిగా పంపడం నాకూ మనసొప్పడం లేదమ్మా,” అన్నాడు పట్టాభిరామయ్య. “కానీ ఆ గుర్తు ఇంకెవరు పెడతారు?”

“నేను బండి మీద దూరంగ వస్త,” అన్నాడు ఉమామహేశ్వర్.

“వద్దన్నా. నిన్ను సూసి నాయిన మల్ల పోతే?” మానస లేచింది.

త్రివేణి షట్టరుకు అడ్డంగా నిలబడింది.

“అక్కడ మీ నాయిన లేడు.”

“మరెక్కడున్నడు?”

“అక్కడైతే లేడు.”

ఫోను మోగింది. మానస చెవికి పెట్టుకున్నది. అవతలి గొంతు అందరికీ వినబడింది.

“తెల్ల వ్యాను. వచ్చి నిలవడ్డది. ఒక్కదానివే గద?”

“ఆఁ. వస్తున్న.”

మానస చెప్పులు తొడుక్కున్నది. తల్లి కదల్లేదు.

“తప్పుకో అమ్మా! ఏడేండ్లల్ల ఒక్కనాడన్న నాతోని ఎతకనీకి వచ్చినవా? కాగితాలు అంటిస్తుంటే ఏడ్సినవ్. గుర్తు దొరికిన ప్రతిసారి మొఖం తిప్పుకున్నవ్. నాయిన అక్కడ లేడని నీకెట్ల ఎరుక?”

త్రివేణి షట్టరు పట్టుకున్న ఎడమచెయ్యి వదల్లేదు. ఫోను మళ్లీ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. గ్లాసుల్లో చాయ్ మీద మీగడ కట్టింది. పట్టాభిరామయ్య కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆమె చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాడు.

“సెప్పు అమ్మా!”

త్రివేణి షట్టరు వదిలి ఆ చెయ్యి ముందుకు చాపింది.

“మీ నాయినకు ఈ చేత్తోనే తలకొరివి పెట్టొచ్చి, నువ్వు బుక్కెడు బువ్వ తింటవని ఆ గుర్తులన్ని గీసింది నేనే బిడ్డా.”