చూడడానికి మాత్రమే

చూడొచ్చు, తెరవొచ్చు, కానీ చెరపకూడదు. అంతే కదా కావలసింది? ఇంత చిన్న సంగతికి ఈ కంప్యూటర్ ఎన్ని ప్రశ్నలు వేస్తోంది! ఎవరికి, ఏ ఫోల్డర్‌లో, ఎంతవరకు. మనుషుల మధ్య కూడా ఇలా ముందే గళ్ళు గీసి టిక్కులు పెట్టుకుని ఉంటే ఎలా ఉండేదో అనుకున్నాడు ఫొటోగ్రాఫర్. బాధగా ఏమీ లేదు. పంటికి మత్తుసూది వేశాక చెంప తడుముకున్నట్టు ఉంది. చెంప తనదేనని తెలుస్తుంది, అంతే.

హాల్లో కిటికీ పక్కనున్న ఈ కంప్యూటర్ ఇంటిల్లిపాదిదీ. కూతురి చదువు, భార్య కుట్టుపని డిజైన్లు, అతడు తీసిన ఇంటి ఫొటోలు అన్నీ ఇందులోనే. అందరికీ ఒకటే ఖాతా, ఒకటే పాస్‌వర్డ్. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఎండ వాలే వేళకి గెస్ట్ వచ్చి కూర్చుంటాడు. ఆ పేరు కూతురు పెట్టింది. చెప్పి రాడు, చెప్పి పోడు కాబట్టి.

మొదట తమ పెళ్ళి ఫొటోలు సగం పోయాయి. అడిగితే, "ఎవరో పార్టీవాళ్ళవి. ఆల్బమ్ ఇచ్చేశాంగా, ఇంకా చోటు దండగ" అని జవాబు. అది స్టూడియో అలవాటు. ఆల్బమ్ చేతికిచ్చిన రోజే ఆ గిరాకీ ఫొటోలు తుడిచేయాలి. ఆ పద్ధతి పెట్టింది ఫొటోగ్రాఫరే. గెస్ట్ పని నేర్చుకున్నదీ ఆ స్టూడియోలోనే.

తర్వాత కూతురి మొదటి అడుగుల ఫొటోలు. "ఈ పాపెవరు?" అని గెస్ట్ కూతుర్నే అడిగాడట. ఆమె జవాబు చెప్పేలోగా చెరిపేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. పనిలో అంత శుభ్రం.

ఇక మిగిలింది ఒక్క ఫోల్డరు. కూతురి బడి రోజులది. వాటికి ఇంకో కాపీ లేదు.

ఇవాళ ఆదివారం. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు.

"కొత్త ఖాతాకి గెస్ట్ అనే పెట్టాలాండీ? ఇంట్లోవాళ్ళలా ఓ పేరు పెట్టొచ్చుగా," అంది వెనక నిలబడ్డ భార్య.

"సొంత పేరు కనిపిస్తే పెత్తనం గుర్తొస్తుంది."

"చెరపడం కుదరదంటే గెస్ట్‌గారికి కోపం రాదూ?" అంది కూతురు.

"వస్తుంది. కాసేపు కీబోర్డు బాదుతాడు. తర్వాత మరిచిపోతాడు."

కూతురు ఫక్కున నవ్వి, తల్లి ముఖం చూసి ఆపేసింది.

"కావాలని చేసేది కాదుగా," అంది భార్య మెల్లగా.

"కాదు. అందుకే తిట్టలేం, పొమ్మనలేం. టిక్ తీసేయగలం."

తీసేశాడు. పరీక్షకి గెస్ట్ ఖాతాలోంచి ఒక ఫొటో చెరపబోయాడు. అనుమతి లేదంది కంప్యూటర్. పనివాడికి తృప్తి కలగాల్సిన చోటు అది. కలగలేదు.

"ఇప్పుడు మన పాస్‌వర్డ్ మార్చమ్మా. పాతది గెస్ట్‌కి తెలుసు." కూతురికి కుర్చీ ఇచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మరీ అలా తిరగాలా, నాన్నా?"

"నాకు తెలిస్తే గెస్ట్‌కి తెలిసినట్టే."

వెనక కీలు టకటకలాడాయి. పొడుగు పాస్‌వర్డే. భార్య వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు.

కిటికీలో ఎండ పచ్చబడుతోంది. గెస్ట్ వచ్చే వేళ. తెరమీద ఆ పేరు, పైన ఒక ఖాళీ గుండ్రం. అందులో ఫొటో పెట్టుకోవచ్చంది కంప్యూటర్.

"ఏదో ఒక పువ్వు పెట్టేద్దామా?" అంది కూతురు.

"వద్దు. తన ఖాతా ఏదో గెస్ట్ పోల్చుకోవాలిగా."

మళ్ళీ కుర్చీలో కూర్చుని, మిగిలిన ఆ ఒక్క ఫోల్డర్ తెరిచి చాలాసేపు వెతికాడు. బడి గేటు ముందు కూతురి చెయ్యి పట్టుకుని నవ్వుతున్న తన ముఖాన్ని కత్తిరించి, ఆ గుండ్రంలో పెట్టాడు.