అరవైకి అరవై

బీమా ఇన్‌స్పెక్టరు వ్యాన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి తిరగబోతుంటే ఓనరు అడ్డొచ్చాడు. సరుకు బాగుంటే కొనేవాడు ఒక్కసారే తిరుగుతాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారం ఆయనకు నేర్పిన సత్యం అది.

"అంబులెన్స్ కాదు సార్ మాది. సైరన్ లేదు, పరుగు లేదు. నడవలేని పేషెంట్లని పొద్దున్నే ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఆసుపత్రిలో దింపి, మళ్ళీ ఇంటికి చేరుస్తాం. తాపీ బండి."

"తాపీ బండికే కేసులెక్కువ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అంబులెన్స్‌లో వెళ్ళేవాడికి కేసు పెట్టే ఓపిక ఉండదు."

ఓనరు నవ్వాడు. నవ్వక తప్పదు. బండిలో పేషెంటు పడి, కాలు విరిగి, కోర్టుకెక్కితే ఆ నష్టం ఓనరు బదులు బీమా కంపెనీ భరించే పాలసీ అది. సోమవారంలోగా ఆ కాగితం చూపించకపోతే బండిని గేటు దాటనిచ్చేది లేదని ఆసుపత్రి తేల్చి చెప్పింది. కంపెనీ చెప్పిన ప్రీమియానికి ఇంకో వ్యాన్ వస్తుంది. కడితే వ్యాపారం మునుగుతుంది. కట్టకపోతే కాంట్రాక్టు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మధ్యలో ఒక్కటే దారి. మార్కులు. బండికి నలభై, డ్రైవరుకి అరవై. మొత్తం డెబ్బై దాటితే ప్రీమియం సగానికి సగం తగ్గిస్తారు.

బండికి పద్దెనిమిది వచ్చాయి. చక్రాల కుర్చీని పట్టి ఉంచే బెల్టు పీచులు తేలింది. మంటలార్పే సిలిండరు బండి కంటే పెద్దది, వయసులో.

"ఇనుముదేముంది సార్, మనిషి ముఖ్యం," అన్నాడు ఓనరు. "మా డ్రైవరుని చూడండి."

ఆ డ్రైవరు ఓనరు జీవితంలో కుదిరిన అతి గొప్ప బేరం. అతనికి ముందు నలుగురు మారారు. పేషెంట్లు లోపల నాలుగు గంటలు డయాలిసిస్ మెషీన్ మీద ఉంటే, ఆ మహానుభావులు బయట సొంత ట్రిప్పులు కొట్టేవారు. డీజిలు ఓనరుది, రాబడి వాళ్ళది. ఇతను రెండేళ్ళ కిందట తనంతట తానే వచ్చాడు. సగం జీతం చాలన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఈ డయాలిసిస్ ట్రిప్పు తనకే ఇవ్వాలి. బేరమాడని మనిషిని చూస్తే వ్యాపారికి అనుమానం రావాలి. ఓనరుకి ఆనందం వచ్చింది.

ఈ ట్రిప్పులో ఎప్పుడూ వెళ్ళే ముగ్గురూ ఇళ్ళ దగ్గర ఎక్కి, అప్పటికే బండిలో కూర్చున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, ఒక టైలరు, చక్రాల కుర్చీలో మామ్మగారు. ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో కూర్చుని ఫారం తెరిచాడు. ఓనరు వెనక ఇరుక్కున్నాడు.

"ఏమయ్యా, మందు అలవాటుందా?"

"నేను నీళ్ళే కొలుచుకుని తాగుతానండి."

మామ్మగారు కిసుక్కున నవ్వింది. ఇన్‌స్పెక్టరు పది మార్కులు వేశాడు.

"రెండేళ్ళలో ఎన్ని సెలవులు పెట్టావు?"

"ఒక్కటీ లేదండి."

"జ్వరం రాలేదా?"

"వచ్చిందండి. నేనూ వచ్చాను."

పదిహేను.

"వీళ్ళు లోపలుంటే నువ్వెక్కడికి వెళ్తావు?"

"ఎక్కడికీ వెళ్ళనండి. ఆ నాలుగు గంటలూ అక్కడే నడుం వాలుస్తాను."

'తిరుగు ప్రయాణానికి ముందు తగినంత విశ్రాంతి తీసుకునే డ్రైవరు' అని ఇన్‌స్పెక్టరు చక్కటి దస్తూరీతో రాసుకున్నాడు. దానికి ఇరవై.

బండి కదిలింది. నిండు పాలగిన్నె మోసుకెళ్తున్నట్టు సాగింది. గుంత వస్తే దాన్ని బతిమాలి దాటినట్టు దాటింది.

"మీరేమంటారు మాస్టారూ?"

"పాతవాడు దారిలో గుంతలన్నీ మా నడుములతో లెక్కపెట్టించేవాడండీ. ఇతను వచ్చాక ఆ లెక్క మర్చిపోయాను."

"ఇతన్ని మాత్రం తీసెయ్యకు బాబూ," అంది మామ్మగారు. "బండి ఆగిపోతే నన్నెవరు మోసుకెళ్తారు? నా కొడుక్కి వాడి పొట్టే బరువు."

"మా కష్టం తెలిసినోడు సార్," అన్నాడు టైలరు. ఇంకేదో అనబోయాడు. మాస్టారు దగ్గాడు.

మిగిలిన పదిహేనూ పడ్డాయి. అరవైకి అరవై. "నా సర్వీసులో ఇదే మొదటిసారి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆసుపత్రి ముందు డ్రైవరు ముగ్గురినీ దింపి, మామ్మగారి కుర్చీ నెట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు బానెట్ మీదే ఫారం పెట్టి ముద్ర కొట్టాడు. ఓనరు మనసులో గుణకారాలు పరుగెత్తాయి. జీతం సగం, ప్రీమియం సగం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

"ఇంకొక్కటి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "డ్రైవరు సంతకం. 'నాకు ఏ జబ్బూ లేదు, పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను' అని ఉంది చూడండి, దాని కింద. అది లేకపోతే పాలసీ చెల్లదు. ఊరికే, మామూలు లాంఛనం."

"క్షణంలో తెస్తాను సార్!"

ఓనరు కాగితం పట్టుకుని పరుగెత్తాడు. క్యాంటీన్‌లో డ్రైవరు లేడు. చెట్టు కింద బెంచీల మీద లేడు. బండ్లు ఆపే చోట మిగతా డ్రైవర్లు పేకాడుతున్నారు. వాళ్ళలోనూ లేడు. రొప్పుతూ మెట్లెక్కి, డయాలిసిస్ వార్డు తలుపు కొంచెం తెరిచి, ఎదురొచ్చిన నర్సుని అడిగాడు.

"అమ్మా, మా వ్యాన్ డ్రైవరుని ఎక్కడైనా చూశారా? చిన్న సంతకం కావాలి."

"నాలుగో మంచం మీద ఉన్నారు, ఇప్పుడే రెండు సూదులూ గుచ్చి మెషీన్ పెట్టాను, ఎడమ చెయ్యి కదపకూడదు, సంతకం కుడిచేత్తో పెట్టించుకోండి."