ముందు చక్రాలు

కోట్‌పల్లి చెరువు ఒడ్డున, బావమరిది కుటుంబమంతా చూస్తుండగా, శివశంకర్ జీపు బురదలో కూరుకుపోయింది.

శివశంకర్ కంగారుపడలేదు. దర్జాగా ఫోర్‌వీల్ లివర్ లాగాడు. అది లాగితే నాలుగు చక్రాలూ తిరుగుతాయి. ఆ లివరంటే అతనికి ప్రాణం. దాని కొసకి ఇత్తడి గుండు తనే బిగించుకున్నాడు.

ఎక్సిలేటర్ తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి బావమరిది తెల్లచొక్కా నిండా బురద చిమ్మాయి. ముందు చక్రాలు ఉలకవు, పలకవు.

“గీ బండి గురించేనా బావా, కనవడ్డోనికల్ల డబ్బా కొడ్తవు?” అన్నాడు బావమరిది.

ఆఖరికి పక్క చేలోంచి ట్రాక్టరొచ్చి గుంజింది. శివశంకర్ పరువు గంగలో కలిసింది.

శివశంకర్ బండిని ఇంటికి, తాండూరుకు తిప్పాడు. దారంతా లోపల కుతకుత ఉడికిపోయాడు. ముందు చక్రాలు ఎందుకు తిరగలేదో అతనికి అర్థమైపోయింది. అంతా అఫ్సర్ చేసిన పని!

ఆ జీపు ఇద్దరిదీ. శివశంకర్‌ది పప్పు మిల్లు, అఫ్సర్‌ది చెప్పుల దుకాణం. తుక్కు కింద పోతున్న పాత బండిని కలిసి కొన్నారు. మెకానిక్ గడప తొక్కకుండా, ప్రతి ఆదివారం ఒళ్లంతా గ్రీజు పూసుకుని, తామే బాగు చేసుకున్నారు. శివశంకర్‌ది నడుంనొప్పి, వంగలేడు. కాబట్టి బానెట్ కింది పని అతనిది. చక్రాల పని, బండి కిందికి దూరే పని అఫ్సర్‌ది. స్టీరింగు మాత్రం శివశంకర్ ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

అనంతగిరి అడవి దారులు, యాలాల్ వాగులు, వాళ్లు తిరగని చోటు లేదు. అఫ్సర్‌తో ఒకటే తంటా, పాన్. దవడన పాన్ లేనిదే బండెక్కడు. సరిగ్గా బురద ముందుకొచ్చేసరికి, నోరు తెరవలేక, ఆపమని చెయ్యి ఊపేవాడు. దిగి, ముందు చక్రం దగ్గర వంగి తుపుక్కున ఉమ్మేవాడు. అది చాలదన్నట్టు చుట్టూ తిరిగి రెండో పక్కకూ పోయేవాడు. ఎర్రబడ్డ వేళ్లు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాడు.

“నీ పాన్ పాడుగాను! టైర్లకు బొట్టు వెడ్తున్నవారా?” అని శివశంకర్ వెక్కిరించేవాడు. ఆపైన లివర్ లాగేవాడు. జీపు అవలీలగా ఒడ్డెక్కేది.

“సూసినవా, నా లివర్ పవర్!”

“మస్తు పవర్, శంకర్‌భాయ్!” అని నవ్వేవాడు అఫ్సర్.

ఈసారి బండి నిండా చుట్టాలే కావడంతో అఫ్సర్‌ని రమ్మనలేదు. ఇదిగో, ఇలా అయింది.

మొన్న ఎండాకాలం ఇద్దరూ కలిసి, ముందు చక్రాలను తిప్పే గేర్‌డబ్బా విప్పారు. మళ్లీ బిగించేనాటికి శివశంకర్ గుల్బర్గాలో పెళ్లికి పోవలసి వచ్చింది. బిగించింది అఫ్సర్ ఒక్కడే. బిగించాక బండి బురదలో దిగడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత అఫ్సర్ తన కోసం ఇంకో పాత జీపు కొన్నాడు. దానికి గేర్లు దొరకట్లేదని కనబడ్డవాళ్లనల్లా అడిగాడు. ఉన్నట్టుండి అడగడం మానేశాడు. దొరికాయట! ఎక్కడ దొరికాయో వేరే చెప్పాలా?

శివశంకర్ బురద కాళ్లతోనే చెప్పుల దుకాణంలోకి దూసుకుపోయాడు.

“ముందు చక్రాలు తిరగలే! ఏం జేసినవ్‌రా నా బండిని?”

అఫ్సర్ ముఖంలో నవ్వు మెదిలింది. “జర ఠైరో భాయ్. బురదల పోయేముందు నువ్వు దిగినవా?”

“దిగుడా? మోకాల్లోతు దిగిన! ఇంకా నవ్వుతున్నవా? నా ఇంట్ల తిని, నా ఇంటి వాసాలే లెక్కవెడ్తవా? గేర్లు పీకి నీ బండికి వెట్టుకున్నవ్. దొంగ!”

దుకాణంలో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు. అఫ్సర్ ముఖం నల్లబడింది. తాళాల గుత్తిలోంచి జీపు తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

“గా మాట అన్నంక నేను జెప్పేదేం లేదు. బండి నువ్వే ఉంచుకో.”

ఇంటికొచ్చి భార్య పుష్పమ్మ ముందు భోరుమన్నాడు శివశంకర్. “అడిగితే నేనియ్యకపోదునా? సొంత తమ్మునోలె సూసుకుంటి. గొంతు కోసిండు పుష్పా!”

“ఒక్కపారి గా గేర్‌డబ్బా ఇప్పి సూడరాదు?”

“నేను కిందికి దూరలేను. దూరెటోడే దొంగాయె!”

అఫ్సర్ బిడ్డ నూరీన్ పెళ్లి కార్డు వచ్చింది. శివశంకర్ కవరు కూడా చింపలేదు. నమ్మించి మోసం చేశాడని మార్కెట్లో పదిమందికీ చెప్పుకున్నాడు. బండి కళ్లబడితే కడుపు మండిపోతోందని అమ్మకానికి పెట్టాడు.

సేడం నుంచి భీమప్ప అనే ఆసామి వచ్చాడు. శివశంకర్ దాపరికం లేకుండా చెప్పేశాడు. “ముందు చక్రాలు తిరగయి. గేర్లు నా దోస్తే కాజేసిండు.”

“నోడోణ్రీ. బురదల వెట్టి సూద్దం” అన్నాడు భీమప్ప.

యాలాల్ వాగుకు పోయారు. బురద ముందుకొచ్చేసరికి భీమప్ప బండి ఆపి దిగాడు. ముందు చక్రం దగ్గర వంగి, నడిమధ్యనున్న గుండ్రటి బిళ్లను చేత్తో తిప్పాడు. చుట్టూ తిరిగి రెండో చక్రం బిళ్లనూ తిప్పాడు. ఎక్కి లివర్ లాగాడు.

నాలుగు చక్రాలూ తిరిగాయి. జీపు అవలీలగా ఒడ్డెక్కింది.

“గేర్లన్నీ బరాబరున్నయి సావుకార్రే! దిగి గీ బిళ్లలు తిప్పకుంటే, ఎంత లివర్ గుంజినా ముందు చక్రాలు తిరగయి. ఇన్నేండ్లసంది మీకెవరు తిప్పుతున్నరు?”

శివశంకర్ నడుం పట్టుకుని, మొదటిసారి ఆ చక్రం దగ్గర వంగి చూశాడు: బిళ్ల అంచున, సరిగ్గా వేళ్లు పట్టే చోట, ఎండిపోయిన పాన్ మరకలు.