జీన్స్ యూనిట్‌లో మేడం

"దారం అట్లా కాదు మేడం, ఈడ నుంచి తేవాల" అంటూ హేమ లేచొచ్చి సునంద మిషన్‌కు దారం ఎక్కించింది.

రాయదుర్గంలోని ఆ జీన్స్ యూనిట్‌లో సునందకు అది మొదటి రోజు. తొమ్మిదేళ్లు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పింది. పిల్లలు తగ్గారని ఈ జూన్‌లో ఆమెను మానుకోమన్నారు. పక్క మిషన్ మీదున్న హేమ ఆ బడిలో ఆమె దగ్గర చదివి పదో తరగతి తప్పిన శిష్యురాలు.

"ఈడ మేడం అనొద్దు హేమా."

"మరేమనాల? నాకు మేడమే కదా."

సునంద కుట్టిన జేబు వంకర పోయింది. హేమ కుట్టు విప్పి మళ్లీ ఆమె చేతికిచ్చింది.

"క్లాసులో మందార పువ్వు కోసి లోపలంతా చూపిస్తిరి. ఇప్పటికీ మందారం కనపడితే చీల్చి చూస్తా మేడం."

సునంద ముఖం వెలిగింది. "ఇంకేం గుర్తుంది నీకు?"

"చదవకపోతే జీన్సులు కుట్టుకుంటా బతకాల అంటాంటిరి." హేమ నవ్వింది. "ఊరికే భయపెట్టినారు. మా యమ్మ ఈడ కుట్టే కదా నన్ను మీ బడికి పంపింది. ఆ మిషన్ మీదే, మీరు కూర్చున్నదాని మీద. ఏం కాదు మేడం, వారంలో అలవాటైతాది. నేను నేర్పిస్తా."

ఆ ముఖంలో ఎగతాళి ఉందేమోనని సునంద వెతికింది. లేదు.

క్షమించమని అడగబోయింది. హేమ అప్పటికే తన మిషన్ నడుపుతోంది. ఆ చప్పుడులో సునంద గొంతు తనకే వినిపించలేదు.